నీహారిక: ఒడియా మాటా, తెలుగు మాటా?

సందేహం: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, పిల్లల చదువు ఒడియాలో. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన చిత్రాలు చూపిస్తూ ‘నీహారిక’ అంటే, ‘అది మా ఒడియా పుస్తకంలో మాట కదమ్మా, తెలుగులో ఏమంటారు?’ అన్నాడు మా అబ్బాయి. ‘నెబ్యులా’ అనడమే మేలా? ‘నీ’కి దీర్ఘం ఉండాలా?
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, ఆ మాట మీ అబ్బాయి బడిదీ, మీ ఇంటిదీ కూడా. మనం ఒడియా నుంచి తెచ్చుకోలేదు, వారు మన నుంచి తీసుకోలేదు. రెండింటికీ మూలం సంస్కృత ‘నీహారం’. ‘అవశ్యాయస్తు నీహారస్తుషారస్తుహినం హిమమ్’ అని అమరకోశం మంచు పేర్లను వరసపెట్టిన చోట అదీ ఉంది. లాటిన్‌లో నెబ్యులా అన్నా మంచుతెరే, మబ్బే. ఇంత చక్కగా అతికిన శాస్త్రపదాలు మనకు ఎన్నో లేవు. నెబ్యులా అన్నా తప్పు లేదు గాని, నీహారికను వదులుకోవద్దని నా మనవి.

మరి ‘మంచుమబ్బు’ అనకూడదా? పిల్లవాడికి అర్థం చెప్పడానికి అనండి. పేరుగా మాత్రం చాలదు. తెలుగులో గడ్డి మీది బిందువులూ మంచే, హిమాలయం మీది గడ్డా మంచే. ఆకాశంలో మనం నీహారిక అంటున్నది మంచు కాదు, వాయువు, ధూళి కలిసిన మేఘం.

పుష్య, మాఘ మాసాల్లో చీకటి పడ్డాక, దీపాల వెలుగు లేని చోట అబ్బాయికి ఒరాయన్ రాశిని చూపించండి. ఆర్ద్ర నక్షత్రం ఉన్నది అందులోనే. నడుంపట్టీలా వరసగా ఉన్న మూడు చుక్కల దిగువన, అద్దానికి ఊపిరి తగిలినట్టు చిన్న మసక కనిపిస్తుంది. అది ఒరాయన్ నీహారిక, సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. మన తొలినాటి శాసనాలు చెక్కుతున్న రోజుల్లో బయలుదేరిన వెలుగు ఇప్పుడు మీ పిల్లవాడి కంట్లో పడుతుంది! అక్కడ ఇప్పటికీ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి.

పాత పుస్తకాల్లో గెలాక్సీని, అంటే కోట్లాది నక్షత్రాల సమూహాన్ని కూడా నీహారిక అన్నారు. అది వారి అజ్ఞానం కాదు. ఆండ్రోమెడాను అప్పట్లో అందరూ నెబ్యులా అనే పిలిచేవారు. 1924లో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ దాని దూరం లెక్కకట్టాకే, అది మన పాలపుంతకు ఆవల ఉన్న మరో గెలాక్సీ అని తేలింది. ఇప్పుడు మాత్రం ఈ రెండింటినీ కలపకూడదు.

ఇంకొక చిక్కు చెప్పాలి. క్రాబ్ నెబ్యులాను కొందరు ‘కర్కాటక నీహారిక’ అంటున్నారు. అది కర్కాటక రాశిలో లేదు, వృషభంలో ఉంది. పోనీ ‘పీత నీహారిక’ అందామంటే, పీతాంబరం గుర్తొచ్చి పసుపుపచ్చది అనుకుంటారు. ‘ఎండ్రకాయ నీహారిక’ అంటే ఏ పేచీ ఉండదు. మాట మోటుగా ఉందని వెనకాడనక్కరలేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే.

ఇక దీర్ఘం సంగతి. శాస్త్రపదంగా రాసేటప్పుడు ‘నీహారిక’ అనే రాయాలి. ‘నిహారిక’ అని పేరు పెట్టుకున్న అమ్మాయిలను దిద్దబోకండి, పేరు వారి సొంతం. ఒడియాలోనూ మొదటి అక్షరం దీర్ఘమే. తేడా చివర ఉంది: అక్కడ ‘నీహారికా’, మనకు ‘నీహారిక’. లతా, మాలా అనేవి తెలుగులోకి వచ్చి లత, మాల అయినట్టే ఇదీను.