మంచె మీద కబుర్లు: సోయా చేను ఇంకా పచ్చగానే ఉంది

సెప్టెంబర్ చివరి శనివారం ఒహాయోలో విల్లు వేట సీజన్ మొదలవుతుంది. ఇక ఫిబ్రవరి మొదటి వారం దాకా నడుస్తుంది. ఆగస్టు నుంచే ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల రంగు మారిపోతుంది. ఈసారి వచ్చినవాటిలో ఆరు తీసుకున్నాను. కొత్తగా చదువుతున్నవారికి నా సంగతి రెండు ముక్కల్లో: మాది మార్కాపురం వైపు పల్లె. ఇరవై రెండేళ్లుగా కొలంబస్‌లో ఉంటున్నాను, పగలు డేటాబేసుల పని. పన్నెండేళ్లుగా వింటన్ కౌంటీ కొండల్లో తెల్లతోక జింకల వెంట తిరుగుతున్నాను. మా తాత జొన్నచేలో మంచె కట్టి రాత్రంతా అడవిపందుల్ని కాసేవాడు. ఇక్కడ ట్రీ స్టాండ్ అంటారు గానీ, నా నోటికి మంచె అనే వస్తుంది.

ప్రశ్న: పోయిన చలికాలం కాంపౌండ్ బో (కొసల్లో కప్పీలుండే విల్లు) కొన్నాను. పెరట్లో 30 గజాల నుంచి వేస్తే బాణాలన్నీ ఒక సాసర్ అంత చోటులో పడుతున్నాయి. నిరుడు సీజన్ మొదట్లో స్నేహితుడితో వెళ్లి మూడు పొద్దుటిపూటలు కూర్చున్నాను. ఉడతలు తప్ప ఏమీ కనబడలేదు. ఎక్కడ కూర్చోవాలి? (డబ్లిన్, ఒహాయో)

జవాబు: ముందు ఆ పొద్దుటిపూటలు మానెయ్యండి తమ్ముడూ. ఈ రోజుల్లో జింకలు రాత్రంతా చేలల్లో మేసి, తెల్లారకముందే పడకకి పోతాయి. మీరు చీకట్లో టార్చి వేసుకుని నడిచి వెళ్లేది సరిగ్గా వాటి మధ్యలోంచే. ఒక్కసారి అలా బెదిరిస్తే ఆ చోటు వారం రోజులు పాడైనట్టే. సాయంత్రం కూర్చోండి. సెప్టెంబర్ చివర్లో మనకి పొద్దు గూకేది ఏడుంబావు ప్రాంతంలో. నాలుగింటికల్లా చెట్టెక్కితే చాలు. పొద్దుటి వేట నవంబర్‌లో, మగవి ఆడవాటి వెంట పడే రోజుల్లో చూసుకోవచ్చు.

ఇక చోటు. సోయా ఆకు పచ్చగా ఉన్నన్నాళ్లు చేనుకి వస్తాయి. ఆకు పసుపు తిరిగిందంటే దాని మొహం చూడవు. సరిగ్గా అప్పుడే అడవిలో ఓక్ కాయలు రాలతాయి. అన్ని ఓక్‌లూ ఒకటి కాదు. ఆకు అంచులు వేలికొసల్లా గుండ్రంగా ఉంటే వైట్ ఓక్, కొసల్లో ముల్లులా సూదిగా ఉంటే రెడ్ ఓక్. నేను రెండూ కొరికి చూశాను. రెడ్ ఓక్ కాయకి పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పట్టేసింది, అంత వగరు. వైట్ ఓక్ ఫరవాలేదు, చప్పగా ఉంది. జింకకీ అదే ఇష్టం. కాకపోతే వైట్ ఓక్ ప్రతి ఏడూ కాయదు. అందుకే ఆగస్టులోనే బైనాక్యులర్‌తో కొమ్మలు చూసుకోవాలి. కింద కాయల టోపీలు, పెంటికలు, తొక్కిన ఆకులు కనబడితే మంచె అక్కడే. చేను గట్టు మీద కాదు, దానికి వంద గజాలు లోపల. పెద్ద కొమ్ములవి చీకటి పడేదాకా చేలోకి అడుగు పెట్టవు. అంతవరకూ ఆ చెట్ల కిందే తచ్చాడతాయి.

ఇదంతా కుదిరినా గాలి ఎదురు తిరిగితే మీరు కూర్చున్నదంతా దండగే. నాకు వేట నేర్పిన పెద్దాయన, రిటైరైన తాపీ మేస్త్రి, జేబులో ఎప్పుడూ ఒక మిల్క్‌వీడ్ కాయ పెట్టుకుంటాడు. మొదటిసారి దాన్ని చీల్చి గింజ వదిలినప్పుడు నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు మనం ఊదుకుంటూ ఆడుకున్న జిల్లేడు దూదే! రెండూ ఒకే కుటుంబం మొక్కలు. ఆ పోగు మన ముందు నుంచి మెల్లగా కదిలి, కొండ అంచు దాకా పోయి, అక్కడ గిర్రున తిరిగి లోయలోకి దిగిపోయింది. ఫోన్‌లో వాతావరణం చూస్తే పడమటి గాలి అని ఉంది. పొద్దు వాలాక చల్లబడిన గాలి వాగు వెంబడి కిందికి జారుతుందని ఫోన్ చెప్పదు. ఆ సాయంత్రం లోయలో పడుకున్న జింకలన్నిటికీ నా వాసనతో నా కబురు ముందే అందింది. అప్పటినుంచి సాయంత్రాలు నేను పల్లంలోనే, అవి వచ్చే దారికి దిగువనే కూర్చుంటాను.

పెరట్లో సాధన గురించి ఒక్క మాట. నిలబడి, టీషర్టులో, నేల మీదనుంచి కాదు. డెక్ మీద స్టూల్ వేసుకుని, హార్నెస్ (పడకుండా చెట్టుకి తగిలించుకునే పట్టీలు) కట్టుకుని, కూర్చుని వెయ్యండి. వేటకి వాడే పదునైన బాణపు ములికి, బ్రాడ్‌హెడ్‌తోనే వెయ్యండి. 30 గజాల్లో సాసర్ కొట్టినా మొదటి ఏడాది 20 గజాలు దాటి బాణం వదలొద్దు. సెకనుకి 280 అడుగుల వేగంతో పోయే బాణానికి 20 గజాలు దాటడానికి సెకనులో ఐదో వంతు పైమాటే పడుతుంది. వింటినారి చప్పుడు అంతకంటే చాలా ముందే జింక చెవిలో పడుతుంది. అది ఉలిక్కిపడి ఎగరడానికి ముందు ఒళ్లు కిందికి కుంగదీస్తుంది. బాణం వీపు మీదుగా పోతుంది. అందుకని గుండె దగ్గరికి, కాస్త కిందికే గురి పెట్టాలి.

ఆకుల్లో గలగల వినబడగానే విల్లు ఎత్తొద్దు. శబ్దం విని బాణం వేసి దశరథుడు ఏం తెచ్చుకున్నాడో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నట్టు, ప్రైవేటు భూమి అయితే ఆసామి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఒహాయోలో నోటిమాట చెల్లదు.

ప్రశ్న: కాంపౌండ్ బోనా, క్రాస్‌బోనా? (సిన్సినాటి)

జవాబు: వారానికి నాలుగు రోజులు సాధన చేసే తీరిక ఉంటే కాంపౌండ్. లేదా భుజం నొప్పి ఉందా, తుపాకీలా పట్టుకుని మీట నొక్కి వదిలే క్రాస్‌బో. ఒహాయోలో రెండూ చెల్లుతాయి. దీని మీద స్నేహాలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను, అనవసరం.

ప్రశ్న: మావారు ఒక్కరే అడవికి వెళ్లి ఇరవై అడుగుల ఎత్తు చెట్టెక్కి కూర్చుంటారు. చీకటి పడి రెండు గంటలైనా ఫోన్ ఉండదు. నాకు ఒకటే టెన్షన్. పైగా ఒంటి మీద పురుగులు. మీరైనా చెప్పండి. (మేసన్, ఒహాయో)

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌లో తప్పేం లేదు. ఈ వేటలో దెబ్బలు ఎక్కువగా తగిలేది జింకల వల్ల కాదు, చెట్టు మీదనుంచి పడటం వల్ల. అదీ కూర్చున్నప్పుడు కంటే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. ఆయనకి హార్నెస్ ఉందా అని అడగొద్దు, ఉందనే అంటారు. నేల మీద నుంచే తాడుకి తగిలించుకుని ఎక్కుతున్నారా అని అడగండి. చెట్టు పొడుగునా కట్టే తాడు అది, కాలు జారితే ముడి బిగిసి ఆపుతుంది. ఖరీదు కూడా ఎక్కువ కాదు, పుట్టినరోజుకి మీరే కొనిపెట్టండి. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకూడదు, పైకెక్కాక దారంతో లాక్కోవాలి. ఏ చెట్టో మ్యాప్‌లో గుర్తు పెట్టి మీకు పంపాలి. మా ఇంట్లో రూలు ఇది: రాత్రి తొమ్మిదింటికల్లా నా మెసేజ్ రాకపోతే మా ఆవిడ ఆ మేస్త్రిగారికి ఫోన్ చేస్తుంది. ఒకసారి చేసింది కూడా. నేను పెట్రోల్ బంక్‌లో కాఫీ తాగుతున్నాను. ఇద్దరి చేతా చీవాట్లు తిన్నాను.

మీరు పురుగులన్నవి పిడుదులు. సెప్టెంబర్ ఎండకి అవి ఇంకా తిరుగుతూనే ఉంటాయి. జింక పిడుదు కుడితే లైమ్ జబ్బు రావచ్చు. వీపు మీద తెల్లచుక్క ఉండే లోన్ స్టార్ పిడుదు ఇంకా చిత్రం: అది కుట్టాక కొందరికి మేక, గొర్రె, జింక, ఇలాంటి ఏ మాంసం తిన్నా కొన్ని గంటల తర్వాత ఒళ్లంతా దద్దుర్లు, ఒక్కోసారి ఆస్పత్రి దాకా పోతుంది. బట్టలకీ బూట్లకీ పర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి, పూర్తిగా ఆరాక వేసుకోమనండి, ఒంటికి రాయొద్దు. పిల్లి ఉంటే తడిగా ఉన్నప్పుడు దాన్ని దగ్గరికి రానివ్వద్దు. ఇంటికి రాగానే స్నానం, చంకలు, మోకాళ్ల వెనక వెతుక్కోవడం.

ప్రశ్న: బాణం తగిలిందని ఖాయంగా తెలుసు, జింక మాత్రం పరుగెత్తి అడవిలోకి పోయింది. వెంటనే వెళ్లాలా, ఆగాలా? ఎండాకాలం వేడి ఇంకా పోలేదు, మాంసం పాడవుతుందేమో అని భయం. (పిట్స్‌బర్గ్)

జవాబు: దీనికి నా రెండో ఏడు సంగతే చెబుతాను. అక్టోబర్ మొదటి వారం, సాయంత్రం ఆరుంముప్పావు. ఆడ జింక, 22 గజాలు, పక్కకి తిరిగి ఉంది. నేను బాణం వదిలే క్షణంలో ఒక అడుగు ముందుకేసింది. తడి గోనెసంచిని కర్రతో కొట్టినట్టు చప్పుడైంది. అది గిట్టలు ఎగరేసుకుంటూ పోయింది. చేతులు వణుకుతుంటే మేస్త్రిగారికి మెసేజ్ పెట్టాను.

గంటలో వచ్చాడు. వెంట స్కూల్ బస్సు నడిపే ఆయన అల్లుడు, డ్యూటీ దిగి ఆ ఆస్పత్రి బట్టలతోనే వచ్చేసిన ఒక నర్సమ్మ. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మేస్త్రిగారు బాణం తీసి టార్చి కింద తిప్పి చూశాడు, వాసన చూశాడు. లేత ఎరుపు, నురగ ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్తే దగ్గర్లోనే పడి ఉంటుంది. పచ్చగా జిగురు, కంపు ఉంటే పేగులు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. నా బాణం మీద ముదురు ఎరుపు, చిక్కగా, వాసన లేదు. అంటే కార్జం. కనీసం నాలుగు గంటలు. "ఇప్పుడు లేపావంటే అర మైలు పోతుంది, ఇక దొరకదు" అన్నాడు. ఆ రాత్రి 64 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 18. మాంసం అన్నాను. "నాకూ బెంగే" అని ట్రక్ ఎక్కి కూర్చున్నాడు.

పదకొండున్నర దాకా నలుగురం ఆ ట్రక్‌లోనే. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. పల్లీలు ఏరుకుని తిన్నాడు అల్లుడు. ఆ తర్వాత దిగి నెత్తురు జాడ పట్టాం. చివరి చుక్క కనబడిన ప్రతిచోటా కొమ్మకి ఒక టాయిలెట్ పేపర్ ముక్క. వెనక్కి తిరిగి చూస్తే ఆ తెల్ల ముక్కలు వరసగా కనబడి, జింక ఎటు మళ్లిందో చెబుతాయి. ఒకచోట జాడ పూర్తిగా ఆగిపోయింది. అందరం నేల మీద వెతుకుతుంటే నర్సమ్మ మాత్రం గడ్డి కాడల్ని మోకాలెత్తున పట్టి చూస్తోంది. పక్క డొక్కలోంచి కారేది నేల మీద కంటే కాడలకే ముందు అంటుతుందట. అక్కడ దొరికింది, వేలెడు మరక. 140 గజాలు. వాగు పక్కన, ఇంకా పడుకున్నట్టే ఉంది. టైము పన్నెండు నలభై.

అక్కడే పేగులు తీసి, ట్రక్‌లోకి ఎక్కించాక పెట్రోల్ బంక్‌లో కొన్న ఐస్ సంచులు కడుపులో నింపాం. వేడి రోజుల్లో ఐస్ ముందే కొని పెట్టుకోండి. మర్నాడు మధ్యాహ్నం పన్నెండులోపు ఫోన్‌లోనే జింక వివరాలు నమోదు చేశాను, అది ఇక్కడి రూలు. మాంసం పంచుతానంటే ముగ్గురూ వద్దన్నారు. నర్సమ్మ మిగిలిన పులిహోర డబ్బా పట్టుకెళ్లింది.

ప్రతిసారీ ఇలా ముగియదు. నాలుగో ఏడు ఒకటి తగిలి పోయింది. రెండు రోజులు వెతికాం, దొరకలేదు. ఆ ఏడు ఇక విల్లు పెట్టెలోంచి తియ్యలేదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో జింకల వేటకి వెళ్తానంటున్నాడు. జైలుకి పోతాడేమో అని ఆయన, పాపమని నేను. (ఒంగోలు)

జవాబు: అమ్మా, మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కృష్ణజింక ఆంధ్ర రాష్ట్ర జంతువు. మీరు భయపడటం సబబే. ఒహాయో సంగతి వేరు. 1904 నాటికి ఇక్కడ జింక అన్నదే లేకుండా వేటాడేశారు. మళ్లీ తెచ్చి వదిలి, కాపాడి, 1943లో మూడు కౌంటీల్లో మాత్రం వేటకి అనుమతిచ్చారు. ఇప్పుడు 88 కౌంటీల్లోనూ ఉన్నాయి. ఏటా రెండు లక్షలకు పైగా వేటాడినా తరగడం లేదు. తోడేళ్లు లేవు, పొలాలు తింటాయి, కార్ల కింద పడతాయి. మీ వాడు శిక్షణ కోర్సు పాసై, లైసెన్సు, జింక పర్మిట్ కొనాలి. కొమ్ములున్నది ఏడాదికి ఒక్కటే. విల్లు మీద కట్టే 11 శాతం పన్ను కూడా వన్యప్రాణుల పనులకే పోతుంది. జైలు భయం లేదు. పాపం సంగతి నేను తేల్చలేను. మా అమ్మ ఇప్పటికీ నా ఫ్రిజ్ తెరవదు.

ప్రశ్న: ఆఫీసులో ఒకాయన మొదటి వారాంతం తమ క్యాంప్‌కి పిలిచాడు. అందరూ అమెరికన్లే, నేను తాగను. వెళ్లనా? (కొలంబస్)

జవాబు: వెళ్లండి. మీరు తాగకపోతే రాత్రి ట్రక్ నడపడానికి ఒకరు దొరికారని సంతోషిస్తారు. ఎవరి మంచె ఎక్కడుందో ముందే కనుక్కుని ఆ వైపు పోకండి. ఇంకొకరి చెట్టు దగ్గర మీ వాసన వదిలితే క్షమించరు. ఎవరైనా పెద్ద కొమ్ముల జింక ఫొటో చూపిస్తే ఎక్కడ అని అడగొద్దు, ఎప్పుడు అని అడగండి. మీరు పడుకోబోతుంటే ఎవరికో బాణం తగిలిందని కబురొస్తుంది. లేచి బూట్లు వేసుకోండి, మళ్లీ నిద్ర సంగతి తెల్లవారుజామునే. లాగేటప్పుడు ఒక కాలు పట్టుకోండి.

వంట మీరు చేస్తానంటే ఎవరూ అడ్డు చెప్పరు. జింక మాంసంలో కొవ్వు ఉండదు, వేపుడు గట్టిపడుతుంది. గోంగూర వేసి నీళ్లతో మెత్తగా ఉడికించండి. పులిహోర ఎలాగూ పట్టుకెళ్తారు. పల్లీలు వేసేముందు ఎవరికైనా ఎలర్జీ ఉందేమో ఫోన్ చేసి కనుక్కోండి.