పాత క్యామ్రీకి లోపలి సోకులు: అమెరికాలో ఇంట్లోనే ఎంతవరకు చేసుకోవచ్చు

అమెరికా వచ్చి సెకండ్ హ్యాండ్ టయోటా క్యామ్రీయో హోండా అకార్డో కొన్న తమ్ముళ్ళు తరచూ అడిగే మాట ఇది: “అన్నా, ఇంజిన్ బాగుంది గానీ లోపల చూడబుద్ధి కావట్లేదు. గేర్ చుట్టూ అన్నీ గీతలే, పైన గుడ్డ వేలాడుతోంది. మన దగ్గరలాంటి కార్ డెకార్ షాపులు ఇక్కడ ఎక్కడుంటాయి?”

సీట్లు, లోపలి పని చేసే షాపులు ఉన్నాయి. కానీ మన ఊళ్ళోలా పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకుందాం అంటే కుదరదు. ఇక్కడ సామాను చవక, పనివాడి గంట ఖరీదు. అందుకే ట్రిమ్ పని, అంటే లోపలి ప్లాస్టిక్ ముక్కలు, పట్టీల పని, చాలామంది ఇంట్లోనే చేసుకుంటారు. మీరూ చేసుకోవచ్చు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోటు వదిలేస్తే చాలు.

మొదట గేర్ చుట్టూ ఉండే ప్యానెల్, డోర్ స్విచ్‌ల ప్లేటు, డ్యాష్‌బోర్డు మీది పొడవాటి పట్టీ. వీటికి వినైల్ ర్యాప్, అంటే స్టిక్కర్‌లా అంటుకునే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్, వేసుకోవడమే తేలిక. త్రీఎమ్ 2080, ఏవరీ డెనిసన్ లాంటి కంపెనీ రకాల్లో కాస్ట్ ఫిల్మ్ (వంపులకు బాగా సాగి, తర్వాత తక్కువగా ముడుచుకునే రకం) కొనండి; మరీ చవక రకం ఎండకు ముడుచుకుని అంచుల్లో లేచిపోతుంది. నిగనిగలాడే నలుపు వద్దు. పాత గీతలు కనిపించిందే ఆ నలుపు మీద, పైగా ఎండలో కళ్ళలోకి కొడుతుంది. మెరుపు లేని మ్యాట్, సన్నటి గీతల లోహంలా కనిపించే బ్రష్డ్ రకాలు చిన్న తప్పుల్ని దాచేస్తాయి. చెక్క డిజైను జోలికి నేనైతే పోను, మీ ఇష్టం.

ప్యానెల్ ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ కాదు, ప్లాస్టిక్ ప్రై టూల్స్ (సందులో దూర్చి పైకి లేపే పనిముట్లు) వాడండి. ఆటోజోన్‌లో, హార్బర్ ఫ్రైట్‌లో దొరుకుతాయి. చలికాలంలో క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి కాబట్టి వెచ్చటి రోజు చూసుకోండి. ఊడాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బాగా తుడవాలి. పాత ఓనరు మెరుపు కోసం సిలికాన్ పాలిష్ పూసి ఉంటే దాని మీద ఏ ఫిల్మూ నిలవదు. అంచుల్ని వెనక్కి మడిచి, హీట్ గన్‌తో ఇంకోసారి వేడి చేయండి. సాగదీసిన ఫిల్మ్ పాత ఆకారానికి పోవాలని చూస్తుంది, ఆ చివరి వేడి దాన్ని ఆపుతుంది. టెక్సస్, ఆరిజోనా ఎండల్లో ఈ పని ఎగ్గొడితే వేసవిలోనే బయటపడుతుంది.

స్విచ్‌ల వైర్లు పీకి ఉన్నప్పుడు సరదాకి కూడా ఇగ్నిషన్ ఆన్ చేయొద్దు. ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ దీపం మీరు ఊడదీసిన ప్యానెల్‌లోనే ఉండే కార్లున్నాయి, హెచ్చరిక లైటు వెలిగి, కారు కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి చెరిపేదాకా పోకపోవచ్చు. పసుపు రంగు కనెక్టర్ కనబడిందంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది, ముట్టుకోకండి. స్టీరింగ్ మధ్యభాగం, ముందు అద్దం పక్క స్తంభాల మీది కవర్లు కూడా అంతే.

సీట్ కవర్ల దగ్గరా ఎయిర్‌బ్యాగ్‌తోనే జాగ్రత్త. అమ్మానాన్న వచ్చేటప్పుడు సూట్‌కేసులో కుట్టించిన కవర్లు తెప్పించుకునేవాళ్ళను చూస్తుంటాను. ముందు సీటు పక్కన “ఎయిర్‌బ్యాగ్” అన్న చిన్న ట్యాగ్ ఉంటే, ఎయిర్‌బ్యాగ్ బయటికి వచ్చేది అక్కడినుంచే, కాబట్టి ఆ పక్క కుట్టు గట్టిగా మూసేసిన కవర్ వేయకూడదు. ప్యాసింజర్ సీటులో బరువు చూసే సెన్సార్ కూడా ఉంటుంది, మందపాటి దిండు పరిస్తే దాని లెక్క తప్పొచ్చు. వెనక సీటుకు ఆ ట్యాగ్ లేకపోతే నిక్షేపంగా వేసుకోండి.

వేలాడే హెడ్‌లైనర్‌ది, అంటే కారు పైకప్పుకు లోపల బోర్డు మీద అంటించిన గుడ్డది, వేరే కథ. గుడ్డకీ బోర్డుకీ మధ్య పల్చటి ఫోమ్ ఉంటుంది, ఏళ్ళ వేడికి అది పొడైపోతుంది. పొడి మీద జిగురు కొట్టి ప్రయోజనం లేదు. బోర్డు మొత్తం దించి, ఫోమ్ గీకేసి, ఫోమ్ అంటించి ఉన్న హెడ్‌లైనర్ గుడ్డే కొత్తది కొని వేయాలి. ఇంట్లో ఉన్న చీర గుడ్డ అందంగా ఉంటుందేమో గానీ వద్దు. ఇక్కడ కొత్త కార్ల లోపలి బట్టకు ఫెడరల్ నిబంధన ఉంది: మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. పైగా చాలా కార్లలో బోర్డు అంచుల వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు (కిటికీల మీద తెరలా దిగేవి) ఉంటాయి. కాబట్టి ఇది షాపుకు ఇవ్వాల్సిన పని. డబ్బులు కుదిరేదాకా జిలేబీ చుట్టలా ఉండే ట్విస్ట్ పిన్నులు గుచ్చుకుని నెట్టుకురండి.

వినాయకుడి బొమ్మను ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ మూత మీద అతికించకండి, అది తెరుచుకుంటే బొమ్మ ముఖం మీదికే వస్తుంది. వెనక చూసే అద్దానికి దండలు వేలాడదీయడం కూడా చూపుకు అడ్డమైతే కాలిఫోర్నియా లాంటి చోట్ల టికెట్‌కు దారి.

అపార్ట్‌మెంట్ లీజులో పార్కింగ్‌లో కారు పని చేయకూడదన్న షరతు ఉందేమో ముందు చదవండి. ఉంటే గ్యారేజ్ ఉన్న స్నేహితుడి ఇల్లు చూసుకోండి. ప్యానెల్ పాడవుతుందని భయమైతే పిక్ ఎన్ పుల్ లాంటి జంక్‌యార్డుకు (పాత కార్లను విడిభాగాల కోసం ఉంచే చోటుకు) వెళ్ళండి. అదే మోడల్ కారు కనబడితే మన పనిముట్లతో మనమే ఊడదీసుకోవచ్చు. క్లిప్పులు ఎటు పట్టి ఉంటాయో అక్కడే తెలిసిపోతుంది, తెచ్చిన ముక్కకే ర్యాప్ వేసి బిగించవచ్చు. అసలుది పెట్టెలో దాచుకోండి, కారు అమ్మేటప్పుడు అడిగేవాళ్ళుంటారు.