ఎండీఎస్ కోర్సుకు 85 వేలు కట్టమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆస్పత్రి ఐసీయూలో రెండేళ్లుగా పనిచేస్తోంది. నైట్ డ్యూటీలతో నీరసించిపోతోంది, సంబంధాలు కూడా కుదరడం లేదు. మూడు నెలల 'ఎండీఎస్ కోఆర్డినేటర్' కోర్సు (దంతవైద్యం ఎండీఎస్ కాదు, రోగుల అంచనా ఫారం పని) చేస్తే అమెరికా నర్సింగ్ హోమ్‌ల పని ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్నారు. ఫీజు 85 వేలు. ఇది మంచిదా, బిల్లుల కోసం జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేసే మెడికల్ కోడింగా, లేక అమెరికా నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్సా? సిలబస్ జతచేస్తున్నాను. - ఒక తండ్రి, ఏలూరు

జవాబు: సిలబస్ పంపి మంచి పని చేశారు. రెండో పేజీలోనే నాకు కావలసింది దొరికింది. 'మెడికేర్ అసెస్‌మెంట్లు: 5, 14, 30, 60, 90వ రోజులు' అని బాక్సు కట్టి మరీ వేశారు. మెడికేర్ అంటే అమెరికా ప్రభుత్వం ప్రధానంగా వృద్ధులకు ఇచ్చే ఆరోగ్య బీమా. అది డబ్బు కట్టాలంటే రోగి పరిస్థితిని ఏయే రోజుల్లో అంచనా వేసి రాయాలో చెప్పే షెడ్యూల్ అది. ఆ షెడ్యూల్ 2019 అక్టోబర్ 1న పోయింది. ఆ రోజు నుంచి పీడీపీఎం అనే కొత్త చెల్లింపు పద్ధతి వచ్చింది. అందులో చెల్లింపు కోసం తప్పనిసరిగా చేయాల్సినవి మొదట్లో ఒకటి, మెడికేర్ బస ముగిసేటప్పుడు ఒకటి. మధ్యలో ఇంకొకటి చేయడం, మానడం నర్సింగ్ హోమ్ ఇష్టం. పాఠం పాతది, ఫీజు మాత్రం కొత్తది.

ముందు ఈ పనేమిటో మీకు తెలియాలి. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లో డాక్టర్ గారి పేరుతో ఉండే ఇరవై పడకల ఆస్పత్రి కాదు. సొంతంగా లేవలేని వృద్ధులు, తుంటి విరిగి ఆపరేషన్ అయ్యాక కోలుకుంటున్నవాళ్లు ఉండే చోటు. 1987లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడ చేరిన ప్రతి మనిషి పరిస్థితినీ ఒకే పద్ధతిలో అంచనా వేసి రాయాలి. ఆ ఫారమే ఎండీఎస్. చేరిన 14వ రోజులోగా మొదటిది పూర్తవ్వాలి, ఆ తర్వాత 92 రోజులు దాటకుండా ఒక్కోటి, ఏడాదికోసారి పూర్తి స్థాయిది. ఇది వైద్య సంరక్షణ కోసం పెట్టిన లెక్క. మెడికేర్ డబ్బు కోసం పెట్టిన లెక్క వేరు. రెండూ ఒకే ఫారం మీద నడుస్తాయి కాబట్టే కొత్తవాళ్లు తికమకపడతారు.

అసలు కిటుకు రోజులు లెక్కపెట్టడంలో ఉంది. మనం పురుడు లెక్కేసేటప్పుడు బిడ్డ పుట్టిన రోజునే ఒకటి అంటాం కదా, అక్కడా అంతే, చేరిన రోజే మొదటి రోజు. ఒక పెద్దావిడ న్యుమోనియా తగ్గీతగ్గక ముందే సోమవారం చేరింది అనుకోండి. ఆ సాయంత్రం జ్వరం వచ్చింది, మళ్లీ రాలేదు. మెడికేర్ అసెస్‌మెంట్‌కు ఏఆర్‌డీ అనే తేదీ ఒకటి పెట్టాలి, అంటే రోగి పరిస్థితిని ఏ రోజు దాకా చూసి రాయాలో చెప్పే తేదీ. 1 నుంచి 8వ రోజు దాకా ఏదైనా పెట్టుకోవచ్చు. కోఆర్డినేటర్ తీరిక చూసుకుని వచ్చే సోమవారం, అంటే 8వ రోజు పెట్టింది. నిబంధన ప్రకారం తప్పేమీ లేదు. కానీ జ్వరం లాంటివి ఆ తేదీతో కలిపి వెనక్కి ఏడు రోజులే చూస్తారు. మంగళవారం దగ్గర లెక్క ఆగిపోతుంది, సోమవారం జ్వరం జారిపోయింది. ఆదివారం పెట్టి ఉంటే దొరికేది. న్యుమోనియాతో పాటు జ్వరం ఉందంటే, మిగతా షరతులు కుదిరితే, నర్సింగ్ కింద వచ్చే రేటు పెరుగుతుంది. అదే తేదీని బుధవారానికి, అంటే 10వ రోజుకు పెడితే ఆలస్యమైన రెండు రోజులకు అడుగు రేటే ఇస్తారు.

ఇప్పుడు 'ఇంట్లో కూర్చునే' సంగతి. ఆ ఫారంలో జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటుంది. రోగి ఎదురుగా కూర్చుని సాక్, బ్లూ, బెడ్ అని మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ అడగాలి. పెద్దాయనకు చెవుడైతే మెషిన్ పెట్టి, కళ్లద్దాలు తుడిచి ఇచ్చి, అప్పుడు అడగాలి. ఏలూరు నుంచి అది ఎవరు చేస్తారు? పైగా అసెస్‌మెంట్‌ను నడిపించి, పూర్తయిందని సంతకం పెట్టాల్సింది రిజిస్టర్డ్ నర్సు. అంటే అక్కడి లైసెన్స్ కావాలి. తెలిసి అబద్ధం రాసి సంతకం పెడితే జరిమానా ఉంది, మూల నిబంధనలో ఒక్కో అసెస్‌మెంట్‌కు 1,000 డాలర్ల దాకా. వేరేవాళ్ల చేత అబద్ధం రాయిస్తే 5,000 దాకా. ఇక్కడినుంచి దొరికేదల్లా చార్టులు చదివి వివరాలు ఏరి ఇచ్చే సహాయక పని. అది చెడ్డ పని అనను. కానీ దాన్ని కోఆర్డినేటర్ ఉద్యోగం అని అమ్మడం మోసం. ఇంకో సంగతి, అమెరికా పగలు మనకు రాత్రి. నైట్ డ్యూటీ తప్పించుకోవడానికి నైట్ షిఫ్ట్‌లో చేరడం ఏం తెలివో మీరే ఆలోచించండి.

పోలిక అడిగారు, చెబుతాను. కోడింగ్‌కు ఆమె చదువు అవసరం లేదు, నర్సు కానివాళ్లూ చేస్తున్నారు. నర్సుగా ఆమె సంపాదించింది అక్కడ సగం వృథా. ఎన్‌క్లెక్స్ సరైన దారే, కానీ పాసైన మర్నాడు విమానం ఎక్కించరు. నర్సులకు వచ్చే ఈబీ-3 గ్రీన్‌కార్డు క్యూలో 2025 చివరికి కూడా మనవాళ్లకు 2013 నాటి దరఖాస్తులే కదులుతున్నాయి. రాయనివ్వండి, లైసెన్స్ చేతిలో ఉంటే మంచిదే. ఎండీఎస్ పని మీద నిజంగా మనసుంటే అక్కడికి వెళ్లి, ఒకటి రెండేళ్లు నర్సింగ్ హోమ్‌లో చేశాక నేర్చుకోవచ్చు. అదీ దాని వరస.

ఇక మీతో ఒక మాట, కోప్పడకండి. మీరు రాసిన దాంట్లో అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ఆమెకు విసుగొచ్చింది నర్సు పని మీదా, నైట్ డ్యూటీల మీదా? రెండూ ఒకటి కాదు. సంబంధాల వాళ్లు ముఖం చిట్లిస్తున్నారని ఆమె చేతిలో పనిని మార్చేయాలని చూస్తున్నారేమో అని నా అనుమానం. నాకు వారానికి ఇలాంటి ఉత్తరాలు నాలుగైనా వస్తాయి, అన్నీ తండ్రులవే. ఐసీయూలో రెండేళ్లు నిలబడిన పిల్లకు ఉద్యోగం దొరకదన్న భయం మీరు పెట్టుకోనక్కర్లేదు. అదే ఆస్పత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు, ఎన్‌ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) పని చూసే క్వాలిటీ విభాగం ఉంటాయి. చాలా వరకు పగటి పూట పనే. రికార్డులు సరిచూడటం, తేదీలు దాటకుండా చూడటం ఆమెకు ఇష్టమో కాదో అక్కడ పైసా కట్టకుండానే తేలిపోతుంది.

85 వేలు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉంచండి. ఈసారి ఆమె నైట్ డ్యూటీ నుంచి వచ్చి, కడుపునిండా నిద్రపోయి లేచాక ఆ సిలబస్ కాగితం ఆమె చేతికే ఇవ్వండి. ఏమనిపించిందో నాకు ఆమెనే రాయమనండి.