స్లిప్పులో 1,960 రూపాయలు: గంటలు తగ్గించారా, రేటు తగ్గించారా?

ప్రశ్న: జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. బేసిక్, డీఏ కలిపి నెలకు 14,560 రూపాయలు. పోయిన నెల 28 గంటలు ఓటీ (ఓవర్‌టైమ్) చేశాను. పే స్లిప్పులో ఓటీ కింద 1,960 రూపాయలే వేశారు, గంటలు చూపలేదు. అడిగితే లెక్క సరిగ్గానే ఉందంటున్నారు. పీఎఫ్ కూడా కోస్తున్నారు. ఇవన్నీ ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: మీ అనుమానం సబబే. 14,560ని 26 పనిదినాలకు పంచితే రోజుకు 560, ఎనిమిది గంటల లెక్కన గంటకు 70 రూపాయలు. ఓటీకి ఇందుకు రెట్టింపు ఇవ్వాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అదే చెప్పింది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. గంటకు 140 చొప్పున 28 గంటలకు 3,920 రావాలి. మీకు ముట్టింది అందులో సరిగ్గా సగం.

అయితే ఆ సగం రెండు దారుల్లో రావచ్చు. 28 గంటలూ లెక్కలోకి తీసుకుని రెట్టింపు ఇవ్వకపోయినా 1,960 అవుతుంది. రెట్టింపు ఇచ్చి 14 గంటలే రాసుకున్నా 1,960 అవుతుంది. మొదటిదైతే రేటు గురించి అడగాలి, దానికి చట్టమే జవాబు. రెండోదైతే ఆ గంటలు పనిచేసినట్టు మీరు చూపించాలి. గంటలు చూపని స్లిప్పు మనల్ని ఇరుకున పెట్టేది ఇక్కడే. అందుకే ఓటీ ఎన్ని గంటలకు, ఏ రేటుకు లెక్కకట్టారో చెప్పమని హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్ సందేశమైనా చాలు, నోటిమాటగా మాత్రం వద్దు.

ఈరోజు నుంచే ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, లోపలికి వెళ్లిన సమయం, బయటకు వచ్చిన సమయం, ఆ షిఫ్టు సూపర్‌వైజర్ పేరు. ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెలాఖరున గుర్తుచేసుకుని ఒకే పెన్నుతో నింపిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. జీతం పడకముందే, 'ఈ నెల నా ఓటీ ఇన్ని గంటలు, సరిచూడండి' అని సూపర్‌వైజర్‌కు సందేశం పెట్టండి. కాదనకపోతే అదే మీకు అండ. స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పారేయకండి. వేతనాల కోడ్ ప్రకారం బకాయిల కోసం మూడేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ తేల్చకపోతే కార్మిక శాఖ కార్యాలయానికి ఈ కాగితాలతోనే వెళ్లాలి.

ఇక పీఎఫ్. స్లిప్పులో కోత కనబడినంత మాత్రాన డబ్బు జమ అయినట్టు కాదు. మీ వాటా బేసిక్, డీఏల మొత్తంలో 12 శాతం, అంటే 1,747 రూపాయలు. యజమాని కూడా అంతే కట్టాలి. అందులో 1,213 పెన్షన్‌కు, మిగిలిన 534 మీ పీఎఫ్ ఖాతాకు వెళ్తాయి. ఏ నెలదైనా తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. ఆ తర్వాత నాలుగు రోజులు ఆగి ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి, ఈ మూడు అంకెలూ ఉన్నాయో లేదో చూడండి. వరుసగా రెండు నెలలు జమ కాకపోతే ఇక ఎదురుచూడకుండా, స్లిప్పు జతచేసి పీఎఫ్ చూసే ప్రభుత్వ సంస్థ ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయండి.