అక్క కూతురు చెప్పిన రహస్యం దాచాలా, చెప్పాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్, టోలీచౌకీ. మా అక్కను కరాచీలో స్థిరపడిన మేనమామ కొడుక్కి ఇచ్చారు. వాళ్ల అమ్మాయికి 15 ఏళ్లు, మెట్రిక్ చదువుతోంది. కొంతకాలంగా బీటీఎస్ అనే కొరియా బృందం పాటలే ఆమె లోకం. ఈమధ్య మా బావ ఆ ఫోటోలన్నీ చింపేసి, ఫోన్ లాక్కున్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదట. నాకు మాత్రం స్నేహితురాలి ఫోన్ నుంచి మెసేజ్ పెట్టింది. డబ్బు దాచుకుంటున్నానని, ఎలాగైనా కొరియా వెళ్తానని, అమ్మీకి చెప్పవద్దని రాసింది. బిడ్డ దీన్‌కీ (మతానికీ) ఇంటికీ దూరమైపోతోందని అక్క ఏడుస్తోంది. వెళ్లి పక్కన కూర్చుందామంటే ఇప్పుడు వీసాలు లేవు. అక్కకు చెప్పాలా?

జవాబు: చెప్పాలమ్మా. అయితే పాపకు తెలియకుండా చెప్పవద్దు. 2023 జనవరిలో కరాచీలోని కోరంగి ప్రాంతం నుంచి 13, 14 ఏళ్ల ఇద్దరు అమ్మాయిలు బీటీఎస్ సభ్యులను కలవాలని ఇల్లు విడిచి బయలుదేరారు. దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలోని లాహోర్‌లో పోలీసులకు కనిపించారు, కనుక క్షేమంగా బయటపడ్డారు. మీ అక్కగారి భయానికి ఇలాంటి ఆధారం ఉన్నప్పుడు ఆ మెసేజ్‌ను పసితనపు మాటగా తీసిపారేయలేం. పాపకు ఇలా చెప్పండి: "నీ పాటల గురించి, నీ మనసులోని మాటల గురించి నేనెవరికీ చెప్పను. నీ ప్రాణానికి ముప్పున్న సంగతి మాత్రం దాచలేను. అమ్మీకి నువ్వే చెబుతావా, నేను ఫోన్‌లో ఉండగా ఇద్దరం కలిసి చెబుదామా?" ఆమె కొంత కోపగించుకుంటుంది. వెనుక నుంచి చెప్పారని తెలిస్తే మాత్రం, ఆమె నోరు విప్పి మాట్లాడుతున్న ఒక్క మనిషినీ పోగొట్టుకుంటుంది.

ఇక ఆ పాటల్లో ఏముందో మీరు, మీ అక్కగారు తెలుసుకోవడం అవసరం. 2013లో మొదలైన ఈ ఏడుగురు యువకుల బృందం ప్రేమ గురించే కాక, చదువు ఒత్తిడి గురించి, తమను తాము అసహ్యించుకున్న రోజుల గురించి కూడా పాడింది. 2017లో యునిసెఫ్‌తో కలిసి పిల్లలపై హింసకు వ్యతిరేకంగా 'లవ్ మైసెల్ఫ్' ప్రచారం ప్రారంభించింది. మరుసటి సంవత్సరం ఐక్యరాజ్యసమితిలో బృంద నాయకుడు ఆర్‌ఎం, చిన్నతనంలోనే తాను ఇతరుల కళ్లతో తనను చూసుకోవడం మొదలుపెట్టానని చెప్పుకున్నాడు. బడికి, ట్యూషన్‌కు, ఇంటికి మధ్యే రోజంతా గడిచిపోయే, లోగ్ క్యా కహేంగే (నలుగురూ ఏమంటారు) అన్న మాట రోజూ వినే కరాచీ అమ్మాయికి ఆ మాట ఎంత దగ్గరగా తగులుతుందో ఆలోచించండి. ఆ యువకులు కెమెరా ముందు కన్నీరు పెట్టుకుంటారు, పెద్దలకు వంగి నమస్కరిస్తారు, ఒకరినొకరు ఓదార్చుకుంటారు. గట్టిగా అరిచే మగవాళ్లను చూసి భయపడే వయసులో ఈ మెత్తదనం పిల్లలకు ఊరటనిస్తుంది. దానికి తోడు, గడప దాటకుండానే ఫోన్‌లో దొరికే ఆర్మీ అనే అభిమానుల లోకంలో తనలాంటి అమ్మాయిలు పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటారు, పరీక్షలకు ధైర్యం చెబుతారు. మీ బావగారు ఫోన్‌తో పాటు ఆమె స్నేహితులందరినీ ఒక్క రోజులో తీసేసుకున్నారు. ఆ అమ్మాయి మౌనానికి ఇదే కారణమని నేను నమ్ముతున్నాను.

దీన్ గురించి మీ అక్కగారి బాధను నేను తేలికగా తీసుకోవడం లేదు. సంగీతం విషయంలో ఉలమాల (మత పండితుల) మధ్యే భిన్నాభిప్రాయాలున్నాయి, ఖవ్వాలీ అనే సూఫీ భక్తి పాటలను గుండెకు హత్తుకున్న దేశమూ పాకిస్తానే. ఆ చర్చను ఇంటి పెద్దలు ప్రశాంతంగా చేసుకోవచ్చు. 2021లో పాకిస్తాన్‌లోని గుజ్రాన్‌వాలా నగరంలో బీటీఎస్ సభ్యుడు జంగ్‌కుక్ పుట్టినరోజుకు అభిమానులు పెట్టిన హోర్డింగ్‌ను అభ్యంతరాల వల్ల తొలగించారు. అలాంటి అవమానాలు బయట ఎలాగూ ఉంటాయి. ఇంట్లోనూ అదే ఎదురైతే ఆ బిడ్డ నమాజుకు దగ్గరవుతుందా, మరింత దూరమవుతుందా అని మీ బావగారిని మీ అక్కగారే నెమ్మదిగా అడగాలి. ఫోటోలు చింపినందుకు క్షమించమని ఆయన బిడ్డతో ఒక్క మాట అనగలిగితే సగం కష్టం తీరుతుంది. ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు రాత్రి పది తర్వాత అది అమ్మీ గదిలో ఉండాలని, పరిచయం లేని వారికి ఫోటోలు, ఇంటి చిరునామా ఇవ్వకూడదని నియమాలు పెట్టుకోవచ్చు.

కొరియా కోరికను మాత్రం కొట్టిపారేయవద్దు. ఇస్లామాబాద్‌లోని నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ మోడరన్ లాంగ్వేజెస్‌లో కొరియన్ భాష నేర్పుతారు. టోపిక్ అనే భాషా పరీక్ష ఉంది. కొరియా ప్రభుత్వం ఇచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్‌కు పాకిస్తాన్ విద్యార్థులూ దరఖాస్తు చేసుకోవచ్చు. చదువు దారిన అక్కడికి వెళ్లడం సాధ్యమేనని అమ్మీ నోటి నుంచి వింటే, పారిపోవాలన్న ఆలోచనకు బలం తగ్గుతుంది. మీరు ఫోన్ చేసినప్పుడు "నీ బయస్ (బృందంలో నీకు అందరికన్నా ఇష్టమైన సభ్యుడు) ఎవరు?" అని అడిగి, ఆమె చెప్పేదంతా వినండి. ఆ కాల్‌లో సలహాలు ఇవ్వకండి.

ఒక్క సంగతి మాత్రం వెంటనే కనుక్కోవాలి. ఆమెను రమ్మని ప్రోత్సహిస్తున్నవారు, డబ్బు లేదా ఫోటోలు అడుగుతున్నవారు ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ సంభాషణలను చెరిపేయకుండా భద్రపరచమనండి. లాహోర్‌లోని డిజిటల్ రైట్స్ ఫౌండేషన్ 2016 నుంచి ఆన్‌లైన్ వేధింపులపై 0800-39393 నంబరులో హెల్ప్‌లైన్ నడుపుతోంది, మీ అక్కగారు అక్కడ మాట్లాడవచ్చు. పాప ఇంట్లో కనిపించకపోతే పరువు పోతుందని చూసుకోకుండా ఆ గంటలోనే పోలీసులకు, 15 నంబరుకు ఫోన్ చేయాలని మీ బావగారిని ఇప్పుడే ఒప్పించి ఉంచండి.