తొందరపడి కొనకమ్మా

చిరంజీవి శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. స్వీడన్ పాత వెండి నాణెం ఒకటి కొనాలని ఉందని రాశావు. ఎంత సంతోషం వేసిందో! కానీ ముందు స్టాక్‌హోమ్‌లోని హిస్టారికల్ మ్యూజియంకి ఒకసారి వెళ్లిరా. నాణేల మ్యూజియం ఇప్పుడు అందులోనే ఉంది. 995 ప్రాంతంలో ఊలోఫ్ షోట్‌కోనుంగ్ రాజు సిగ్టునా టంకశాలలో కొట్టించిన నాణేలు చూడు. ఇంగ్లండ్ రాజు ఎథెల్‌రెడ్ నాణేలను చూసి చేసినవి అవి. తర్వాత కొన్ని దశాబ్దాలకే ఆ పని ఆగిపోయి, మళ్లీ మొదలవడానికి వందేళ్లకు పైనే పట్టింది.

అలా 12వ శతాబ్దంలో మొదలయ్యాక వచ్చినవే బ్రాక్టియేట్లు. పల్చటి వెండి రేకు మీద ఒకే అచ్చు పెట్టి సుత్తితో కొట్టేవారు. ముందువైపు ఉబ్బిన బొమ్మ వెనకవైపు గుంటగా కనిపిస్తుంది, అది లోపం అనుకోకు. అర గ్రాము కూడా తూగవు, వేళ్లతో నొక్కితే విరుగుతాయి. అందుకే నీ మొదటి నాణెంగా ఓర్టుగ్ తీసుకోమంటాను. 1370 ప్రాంతంలో ఆల్బ్రెక్ట్ రాజు కాలంలో వచ్చింది, రెండువైపులా అచ్చు ఉంటుంది, చేతికి కాస్త నిలుస్తుంది.

పెన్నీలు, అంటే ఓర్టుగ్ కంటే చిన్న వెండి నాణేలు కొంటే, స్వీడన్‌లో ఏ ప్రాంతానివో అడుగు. అప్పటి డబ్బు లెక్కలో పెద్ద కొలత మార్కు. ఒక మార్కుకి 24 ఓర్టుగులు అన్నది అన్నిచోట్లా ఒకటే, కానీ ఓర్టుగ్‌కి స్వియాలాండ్‌లో 8 పెన్నీలు, యోటాలాండ్‌లో 16. పేరొకటే, విలువ సగం.

సుత్తి దెబ్బ కాబట్టి బొమ్మ పక్కకి జరిగినా, అంచు వంకరైనా కంగారుపడకు. ఒకే చోట ఒకే గీత, ఒకే చిల్లు ఉన్న రెండు నాణేలు కనిపిస్తే మాత్రం వదిలెయ్యి, అవి పోతపోసిన నకిలీలు.

ఇంకొకటి, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. శుభ్రం చెయ్యకు! నా మొదటి ఓర్టుగ్‌ని పండక్కి వెండి కుందులు తోమినట్టు విభూతితో తోమాను. తళతళలాడింది, కిరీటం గీతలు మాత్రం చెరిగిపోయాయి. ఇప్పటికీ దాన్ని చూస్తే మనసు కలుక్కుమంటుంది. నలుపుంటే ఉండనీ.

ఎక్కడ దొరికిందో, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పే కాగితం లేకపోతే ధర తక్కువైనా వద్దు. స్వీడన్‌లో పర్మిషన్ లేకుండా మెటల్ డిటెక్టర్‌తో వెతకడం నేరం, అలా దొంగచాటుగా తవ్వినవి కూడా అమ్మకానికి రావచ్చు.

నచ్చింది దొరికాక డబ్బు కట్టేముందు నాకు ఫొటోలు పంపు. రెండువైపులా, అంచు కూడా, పక్కన స్కేలు పెట్టి తియ్యి. బరువు కూడా రాయి.

మీ పెదనాన్న