ముందు తాతగారి బల్ల కొలిచి చూడు, తర్వాత స్క్రీన్ సంగతి చూద్దాం

బంగారం,

జీతం డబ్బులతో పెద్ద స్క్రీన్ కొనుక్కుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్తే సంతోషం పట్టలేక పక్కింటావిడకి కూడా చెప్పేశాను. ఆ తర్వాత మీ అమ్మే మెల్లగా, "43 అంగుళాల టీవీ ఆఫర్‌లో ఉందట అక్కా, దాన్నే కంప్యూటర్‌కి పెట్టేసుకుంటుందట" అంది. ఇంక నాకు అన్నం సహించలేదు. నీకు ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా పెద్దమ్మా" అంటావు. అందుకే రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

పాతికేళ్ళు భీమవరంలో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి అచ్చుకి పంపే పని, చేసినదాన్ని నేను. శుభలేఖలు, చేపల మేత కంపెనీల కరపత్రాలు, ఎన్నికలొస్తే ఓటరు స్లిప్పులు. 2011 మాఘమాసంలో, ముహూర్తాలన్నీ మీద పడిన రోజుల్లో, నా 17 అంగుళాల డబ్బా మానిటర్ పోయింది. షాపులో మానిటర్ ధర చూసి, ఇంకొంచెం వేస్తే 32 అంగుళాల టీవీయే వస్తుందిగా అనుకుని అది తెచ్చేశాను. పెదనాన్న వద్దన్నారు. ఆయనకేం తెలుసులే అనుకున్నాను. రెండు రోజులు మహారాణిలా ఉన్నాను, షాపుకొచ్చిన ప్రతివాళ్ళూ "అబ్బో" అనడమే. మూడోరోజు నుంచి సాయంత్రమయ్యేసరికి కణతలు లాగేవి, కళ్ళలో ఇసక పోసినట్టుండేది. పని ఎక్కువై అనుకున్నాను.

అప్పుడొచ్చింది ఒక పెళ్ళి కార్డు. పిల్ల పేరు మాధవి. రాత్రి తొమ్మిదింటికి వాళ్ళ నాన్నగారు వచ్చారు, ప్రూఫ్ ప్రింటు తీస్తానంటే "ఎందుకమ్మా, ఇంత పెద్దగా కనిపిస్తుంటే" అని గుమ్మం దగ్గర నిలబడే చదివేసి సరేనన్నారు. నేనూ కుర్చీ వెనక్కి జరుపుకుని, పేజీ మొత్తం స్క్రీన్ మీద పెట్టుకుని చదివాను. బాగానే ఉందనిపించింది. 500 కార్డులు అచ్చయ్యాక ఆ పిల్లే స్వయంగా వచ్చింది. కార్డు టేబుల్ మీద పెట్టి, గోరింటాకు గోరు తన పేరు మీద ఆనించి, "ఇది నా పేరు కాదండీ" అంది, మెల్లగానే. మాథవి. 'ధ' పొట్టలో ఒక చుక్క ఎక్కువ పడింది, అంతే. టైపు చేసేటప్పుడు నా వేలు జారింది, ఆ స్క్రీన్ మీద ఆ చుక్క ఉన్నా లేనట్టే ఉంది. నా ఖర్చుతో మళ్ళీ అచ్చేయించాను. డబ్బు సంగతి మర్చిపోయాను కానీ ఆ గోరు మర్చిపోలేదు. పాత కార్డులు ఇంకా ట్రంకు పెట్టెలో ఉన్నాయి, వాటి వెనకాల పాల లెక్కలు రాస్తుంటాను.

తర్వాత తెలిసింది, పెద్దదైతే అక్షరం బాగా కనిపిస్తుందనేది వట్టి భ్రమ. స్క్రీన్ మీద అక్షరమైనా బొమ్మైనా చిన్న చుక్కలతోనే (పిక్సెళ్ళు) ఏర్పడుతుంది. ఆ టీవీలో అడ్డంగా ఉన్నవి 1366 చుక్కలే, అంటే అంగుళానికి 49. నా పాత డబ్బాలో 80 దాకా ఉండేవి.

నీది 4కె, అంటే అడ్డంగా నాలుగు వేలకి దగ్గరగా చుక్కలుండేది అంటావు, తెలుసు. 43 అంగుళాల 4కెలో అంగుళానికి 102 చుక్కలొస్తాయి, పర్లేదు. కానీ దాని వెడల్పు మూడడుగుల పైనే. మరి నువ్వు వేసుకునేది తాతగారి రాత బల్ల, దాని లోతు 20 అంగుళాలు దాటదు. నేల టిక్కెట్టు కొని తెర ముందు కూర్చుని సినిమా చూసినట్టే, ఈ చివర మెయిలు, ఆ చివర ఎక్సెల్, మధ్యలో నీ మెడ. అదీకాక కొన్ని టీవీలు కంప్యూటర్‌కి తగిలిస్తే రంగుల వివరం తగ్గించి చూపిస్తాయి. ఎర్ర అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. సెట్టింగుల్లో పీసీ మోడ్ పెడితే కొన్నిట్లో సర్దుకుంటుంది, అన్నిట్లో కాదు.

నన్నడిగితే 27 అంగుళాలు, అడ్డంగా 2560, నిలువుగా 1440 చుక్కలు. అంగుళానికి 109 చుక్కలు, అక్షరం మరీ చీమంత అవ్వదు. అంతకంటే నునుపుగా కావాలంటే అదే సైజులో 4కె తీసుకుని అక్షరాలు 150 శాతానికి పెంచుకో. కాకపోతే నీ లాప్‌టాప్ పాతదైతే దాని హెచ్‌డీఎంఐ (స్క్రీన్ వైరు గుచ్చే చోటు) నుంచి 4కె బొమ్మ సెకనుకి 30 సార్లే మారుతుందేమో, మౌస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, కొనేముందు చూసుకో. మెరిసే అద్దం వద్దు, మెరవని మాట్ తెర ఉండాలి. స్టాండు ఎత్తు మారేది తీసుకో, పై అంచు నీ కంటికి సమానంగానో కాస్త కిందకో ఉండాలి. లేదంటే వెనక నాలుగు రంధ్రాలున్నది చూసి బల్లకి ఆర్మ్ (స్క్రీన్‌ని పట్టుకునే ఇనప చెయ్యి) బిగించు, అప్పుడు స్క్రీన్ గోడ వైపు వెనక్కి జరిగి చెయ్యి చాచినంత దూరం వస్తుంది. బల్లకి గాటు పడుతుందని మీ అమ్మ గొడవ చేస్తుంది. పడనీ, తాతగారుంటే ఆయనే బిగించేవారు.

షాపుకి నీ ఫైలే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళు. వాళ్ళు జలపాతాలూ చిలకలూ చూపిస్తారు, ఏ స్క్రీన్ అయినా చిలక బాగానే ఉంటుంది. చిన్న అక్షరాలతో ఒక తెలుగు పేజీ తెరిచి థ, ధ విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూడు. వెలుతురు బాగా తగ్గించి ఫోన్ కెమెరాతో కూడా చూడు, చారలు పాకుతుంటే వెలుతురు మిణుకుమంటోందన్నమాట, ఆ మోడల్ వదిలెయ్.

ఇంకోటి, నీకు తట్టనిది. మీ పడమటి గది కిటికీ కాలువ వైపుంది. ఇప్పుడు కాలువలకి నీళ్ళు ఆపేశారు కాబట్టి బాగానే ఉంటుంది. జూన్‌లో నీళ్ళు వదిలాక, మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నీళ్ళ మీద పడి గదంతా తళతళలాడుతుంది, చిన్నప్పుడు ఆ వెలుగు పట్టుకుందామని గోడ మీద కొట్టేదానివి. స్క్రీన్ ముఖం కిటికీ వైపూ పెట్టకు, దాని వీపు కిటికీ వైపూ పెట్టకు, కిటికీ పక్కకి రానీ. 20 నిమిషాలకోసారి 20 సెకన్లు దూరంగా చూడమంటారు డాక్టర్లు, 20 అడుగులంటే మీ పెరట్లో జామచెట్టు. రెప్పలు కొట్టడం మర్చిపోకే. స్క్రీన్ చూస్తూ నేను మర్చిపోయేదాన్ని, ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు చుక్కల మందు వేసుకుంటున్నాను. ఆ సీసా నీ చేతిలో చూడలేను.

యూపీఎస్ లేకుండా తగిలించకు, మీ వీధిలో కరెంటు సంగతి తెలిసిందేగా.

డబ్బులు తక్కువైతే నాన్నని అడగకు, నన్నడుగు. ఇంతకీ ఆ టీవీకి అడ్వాన్సు ఇచ్చేశావా లేదా? అది ముందు చెప్పు.

మీ పెద్దమ్మ